అద్దం వెనకాల ఏముంది? - పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కార్లలో ఎలక్ట్రానిక్స్ గురించి, అద్దాల పూతల గురించి ప్రశ్నలు పంపండని పోయిన సంచికలో అన్నానో లేదో, ఉత్తరాలు కుప్పలుగా వచ్చి పడ్డాయి. అందులో ఎక్కువ భాగం రాత్రిపూట వెనక బండి లైటు కళ్లల్లో కొట్టడం గురించే, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను. ఒకే సంగతి అడిగినవాళ్లందరినీ ఒక్క ప్రశ్నలో కలిపేశాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మా కారులో లోపలి అద్దం కింద చిన్న మీట ఉంది. దాన్ని నావైపు లాగితే వెనక బండి లైట్లు ఒక్కసారిగా మసకబారిపోతాయి. వైరూ లేదు, కరెంటూ లేదు. మా బావగారి కారులో ఆ మీటే లేదు, అద్దం దానంతట అదే మసకబారుతుంది. రెండూ ఒకటేనా?

జవాబు: చేసే పని ఒకటే, చేసే తీరు వేరు. మీ అద్దంలో గాజు ముందు ముఖమూ వెనక ముఖమూ సమాంతరంగా ఉండవు. ఒక అంచు కాస్త మందంగా, రెండో అంచు పలచగా ఉంటుంది. పగలు మీరు చూసేది వెనక ముఖం మీదున్న లోహపు పూత పంపే బొమ్మని. మీట లాగగానే ఆ గట్టి బొమ్మ మీ కంటి దారిలోంచి తప్పుకుంటుంది, దాని బదులు గాజు ముందు ముఖం పంపే బొమ్మ కంటికి ఎదురొస్తుంది. ఉత్త గాజు తన మీద పడ్డ వెలుగులో నూటికి సుమారు 4 వంతులే వెనక్కి కొడుతుంది. అంటే మంచి అద్దాన్ని పక్కకి నెట్టేసి నాసిరకం అద్దంలో చూస్తున్నారన్నమాట, అంతే కిటుకు. నమ్మకం కుదరకపోతే పట్టపగలు బండి ఆపి మీట లాగి తీరిగ్గా చూడండి. వెనక రోడ్డు మసకమసకగా కనిపిస్తుంది, దాని మీదే కారు పైకప్పు గుడ్డ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఆ పైకప్పుని చూపిస్తున్నది లోహపు పూత, రోడ్డుని చూపిస్తున్నది ఉత్త గాజు. రాత్రి పైకప్పు చీకటిగా ఉంటుంది కాబట్టి అది అడ్డు రాదు. పాడవ్వడానికంటూ ఏమీ లేని ఏర్పాటు, నాకైతే ఇదంటే చాలా ఇష్టం.

బావగారి అద్దం సంగతి వేరు. అమెరికాలో మిషిగన్‌లో జెంటెక్స్ అనే కంపెనీ ఉంది, 1974లో పొగని పసిగట్టే అలారాలు తయారుచేస్తూ మొదలైంది. పొగని పట్టుకోవడానికి వాడిన లైటు సెన్సర్ల అనుభవంతో అద్దాల మీద పడ్డారు. 1982లో వాళ్లు తెచ్చిన మొదటి రకం, మీరు చేత్తో లాగే ఆ గాజునే చిన్న మోటారుతో తిప్పేది. 1987లో వచ్చింది అసలు మార్పు. రెండు గాజు పలకలు తీసుకుని, లోపలి వైపు కరెంటు పారే పారదర్శకమైన పూత వేసి, నడుమ సన్నటి సందులో ఒక జెల్ నింపారు. వోల్టుకి కాస్త పైన కరెంటు ఇస్తే చాలు, జెల్‌లోని ఒక పదార్థం ఒక పక్క ఎలక్ట్రాన్‌ని తీసుకుంటుంది, ఇంకో పదార్థం అవతలి పక్క ఎలక్ట్రాన్‌ని వదులుకుంటుంది, రెండింటికీ రంగు వస్తుంది, అద్దం నీలం కలిసిన ఆకుపచ్చలోకి దిగిపోతుంది. కరెంటు తీసేయగానే ఆ రెండూ జెల్ మధ్యలో ఎదురుపడి ఎవరి ఎలక్ట్రాన్ వాళ్లు సర్దుకుంటాయి, రంగు దానంతట అదే పోతుంది. హార్లన్ బైకర్ అనే రసాయన శాస్త్రవేత్తకి దీని మీద 1990లో పేటెంట్ వచ్చింది. వైరు తెగినా, ఫ్యూజు పోయినా అద్దం తేటగానే ఉండిపోతుంది చూడండి, అదీ ఇందులోని తెలివి. చెడిపోతే చీకటైపోయే అద్దాన్ని కారులో ఎవరు పెట్టుకుంటారు?

ఇంకొక్క సంగతి. ఈ అద్దానికి రెండు కళ్లుంటాయి. వెనక్కి చూసే సెన్సర్ తన మీద లైటు ఎంత పడుతోందో కొలుస్తుంది, ముందుకు చూసే సెన్సర్ అసలు బయట చీకటిగా ఉందా లేదా అని చెబుతుంది. ఆ రెండో కన్ను మీద స్టిక్కర్ అంటించేసి, "పగలు కూడా అద్దం నల్లబడుతోంది, పాడైందా" అని అడిగిన పాఠకుడు ఒకరున్నారు. స్టిక్కర్ పీకేయండి సార్, అద్దం నిక్షేపంగా ఉంది. రివర్స్ గేర్ వేసినప్పుడు అది ఠక్కున తేటబడటం కూడా లోపం కాదు, కావాలని అలా చేశారు.

ప్రశ్న: అలా మసకబారే అద్దంలోనే అడుగున గాలి బుడగ లాంటిది కనిపిస్తోంది, అంచున జిగురు కారుతోంది. రిపేరు అవుతుందా?

జవాబు: అవ్వదు. అంచు సీలు ఊడి జెల్ బయటికి వస్తోంది. చేతికి అంటితే సబ్బుతో కడుక్కోండి, కారు లోపలి ప్లాస్టిక్ మీద, సీటు మీద పడనివ్వకండి, మరకలు పోవు. గాజు భాగం మార్చేయడమే. ఇంజెక్షన్ సూదితో జెల్ ఎక్కిస్తామనేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి.

ప్రశ్న: అన్ని లోహాల్లోకీ వెలుగుని బాగా వెనక్కి పంపేది వెండి అని చదువుకున్నాం. మరి సైడ్ మిర్రర్లకి చాలాచోట్ల క్రోమియం పూత ఎందుకు వాడతారు? ఖర్చు తగ్గించుకోవడానికేనా?

జవాబు: ఖర్చు ఒక్కటే అయితే అల్యూమినియం వాడేవాళ్లు కదా. కంటికి కనిపించే వెలుగులో వెండి నూటికి 95కి పైగా వెనక్కి పంపుతుంది, అల్యూమినియం 90 దాకా, క్రోమియం అటూ ఇటూగా 60-65. లెక్క చూస్తే క్రోమియం దండగలాగే ఉంటుంది. కానీ వెండి గాలిలోని గంధకం తగిలితే నల్లబడుతుంది, అల్యూమినియం గోరు తగిలినా గీతలు పడుతుంది. క్రోమియం మాత్రం ఎండకీ వానకీ, దుమ్ముతో నిండిన గుడ్డతో తుడిచే మన చేతులకీ తట్టుకుంటుంది. గాజుకి వెనక కాకుండా ముందు వైపే పూయొచ్చు కాబట్టి రెండు బొమ్మలు పడవు. పైగా రాత్రిపూట ఆ తక్కువ మెరుపే కళ్లకి హాయి.

మీ అద్దానికి పూత ముందుందో వెనకుందో తెలుసుకోవాలంటే పెన్సిలు మొన అద్దానికి ఆనించి చూడండి. మొనకీ దాని బొమ్మకీ మధ్య సందు కనిపిస్తే పూత వెనక ఉంది, రెండు మొనలూ ముద్దు పెట్టుకున్నట్టు కలిస్తే ముందుంది.

ఇక వెండి కథ. పూర్వం అద్దాల వెనక తగరం, పాదరసం కలిపి పట్టించేవాళ్లు, ఆ పని చేసినవాళ్ల ఒళ్లు పాదరసం ఆవిరికి గుల్లయ్యేది. 1835లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ వెండి ద్రావణం నుంచి గాజు మీద వెండి పొర కట్టించే పద్ధతి కనిపెట్టాడు. కెమిస్ట్రీ ల్యాబులో టెస్ట్ ట్యూబు గోడ అద్దంలా మెరవడం చూసి అబ్బురపడ్డవాళ్లుంటే, అదే ఇది. టెలిస్కోపులకీ ఇదే పూత వేసేవాళ్లు, కొన్నాళ్లకి నల్లబడితే కడిగి మళ్లీ వేయడం. 1930లలో అమెరికాలోని కాల్టెక్ విద్యాసంస్థలో జాన్ స్ట్రాంగ్ అనే శాస్త్రవేత్త గాలి తీసేసిన గదిలో అల్యూమినియాన్ని ఆవిరి చేసి అద్దం మీద పట్టించడం మొదలుపెట్టాడు, 1935లో మౌంట్ విల్సన్ 100 అంగుళాల టెలిస్కోపుకి కూడా ఆ పూతే వేశారు. అల్యూమినియం మీద గాలి తగలగానే పలచటి ఆక్సైడ్ పొర ఏర్పడి కింది లోహాన్ని కాపాడుతుంది, అందుకే వెండికంటే ఎక్కువ కాలం మెరుస్తుంది.

కాపాడుతుందంటే నల్లబడకుండా కాపాడుతుందని, తుడుపు నుంచి కాదు. ఈ ముక్క నాకు ఆలస్యంగా తెలిసింది. కుర్రతనంలో ఒకసారి చిన్న టెలిస్కోపు అద్దం మీద దుమ్ము చూసి జేబురుమాలుతో గుండ్రంగా, ఎంతో శ్రద్ధగా తుడిచాను. ఆ రాత్రి చందమామ చుట్టూ పట్టిన పొగమంచు ఆకాశంలోది కాదు, నా చేతి పనితనం. టార్చి వేసి చూస్తే సన్నటి గీతలు, గ్రామఫోను రికార్డులాగా.

బంగారం గురించి కూడా ఇద్దరు అడిగారు. జేమ్స్ వెబ్ టెలిస్కోపు అద్దానికి బంగారు పూత వేసింది దర్పం కోసం కాదు, అది చూసేది కంటికి కనిపించని పరారుణ కాంతిని, ఆ కాంతిని బంగారం నూటికి 98 పైగా వెనక్కి పంపుతుంది. ఎంత బంగారం పట్టి ఉంటుందో మీరే లెక్క వేసుకోండి: సుమారు 25 చదరపు మీటర్ల వైశాల్యం, 100 నానోమీటర్ల మందం, ఘన సెంటీమీటరుకి 19.3 గ్రాములు. 48 గ్రాముల చిల్లర వస్తుంది. అంత పెద్ద అద్దానికి అంతే.

ప్రశ్న: నా కళ్లజోడు మీద పూత వల్ల ఆకుపచ్చ మెరుపు కనిపిస్తుంది. పారదర్శకంగా ఉండే పూత వెలుగుని తగ్గించడం ఏమిటి, అలాంటి పూతలతోనే అద్దాలు కూడా చేస్తారట, అది ఇంకేమిటి? బొత్తిగా అర్థం కాలేదు.

జవాబు: రెండూ ఒకే సూత్రం. సబ్బు బుడగ మీద రంగులు గుర్తు తెచ్చుకోండి. పలచటి పొర పై ముఖం నుంచి కొంత వెలుగు, కింది ముఖం నుంచి కొంత వెలుగు తిరిగొస్తాయి, ఈ రెండు అలలూ కలిసినప్పుడు ఒకదానికొకటి బలం ఇచ్చుకోవచ్చు, లేదా కొట్టేసుకోవచ్చు. పుస్తకాల్లో దీన్నే వ్యతికరణం అంటారు. పొర మందం, ఆ పొరలో వెలుగుకుండే తరంగదైర్ఘ్యంలో (అంటే ఒక అల పొడవులో) నాలుగో వంతు ఉంటే కింది నుంచి వచ్చే అల పోవడానికి పావు, రావడానికి పావు, మొత్తం సగం అల వెనకబడుతుంది. ఒకటి పైకి లేచేటప్పుడు ఇంకొకటి కిందికి దిగుతుంది, రెండూ చెల్లు. మెగ్నీషియం ఫ్లోరైడ్‌తో ఆకుపచ్చ వెలుగుకి ఈ మందం సరిగ్గా 100 నానోమీటర్ల దగ్గర తేలుతుంది. గాజు నుంచి తిరిగొచ్చే 4 వంతులు ఒక్క పొరతో ఒకటిన్నర లోపుకి పడిపోతాయి. మరి వెనక్కి రాని వెలుగు ఎటు పోయింది? ఎటూ పోలేదు, గాజులోంచి మీ కంట్లోకే వచ్చింది. మీకు కనిపించే ఆకుపచ్చ మెరుపు, మీ పూత పొరలు పూర్తిగా చెల్లు వేయలేకపోయిన మిగులు.

దీన్ని తిరగేస్తే అద్దం. ఒకటి వెలుగుని ఎక్కువ వంచేది, ఒకటి తక్కువ వంచేది, టైటానియం డయాక్సైడ్, సిలికా లాంటివి, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే ప్రతి హద్దు నుంచీ వచ్చే చిన్న అల మిగతావాటితో గొంతు కలుపుతుంది. ఇరవై, ముప్ఫై పొరలకి నూటికి 99.9 దాకా వెనక్కి పంపొచ్చు, వెండి వల్ల కూడా కాని పని. అందులో చిటికెడు లోహం లేదు. కాకపోతే ఏ రంగుకి కట్టారో ఆ రంగుకే, ఏ కోణానికి కట్టారో ఆ కోణానికే బాగా పనిచేస్తుంది, కాస్త వంచి చూస్తే రంగు మారిపోతుంది. జర్మనీలో జైస్ కంపెనీలో స్మకూలా 1935లో తిరుగు మెరుపు తగ్గించే పూతకి పేటెంట్ వేశాడు. దానికి చాలా ముందే, 1886లో, రేలీ అనే ఇంగ్లండ్ భౌతిక శాస్త్రవేత్త పాతబడి మాసిన గాజు కొత్త గాజుకంటే ఎక్కువ వెలుగుని పోనిస్తోందని గమనించాడు. మాసింది మేలైందని నమ్మడానికి గట్టి గుండె కావాలి.

ప్రశ్న: ముందద్దం మార్పించినప్పటి నుంచి వైపర్లు ఎండలో కూడా వాటంతట అవే తిరుగుతున్నాయి. వర్షం పడుతోందని కారుకి ఎలా తెలుస్తుంది?

జవాబు: నాకూ అచ్చం ఇలాగే జరిగింది. అద్దం బిగించినాయన "కొత్త కదా, అలవాటు పడుతుంది" అన్నాడు, అలవాటు పడాల్సింది కారో నేనో అర్థం కాలేదు.

బయట నిలబడి లోపలి అద్దం కాడ దగ్గర చూడండి, చిన్న బిళ్లంత జాగా తేటగా ఉంటుంది. దాని వెనక పరారుణ ఎల్‌ఈడీ ఒకటి ముందద్దంలోకి 45 డిగ్రీల వాలులో వెలుగు పంపుతూ ఉంటుంది. గాజుకి అవతల గాలి ఉంటే 42 డిగ్రీలు దాటిన వెలుగంతా లోపలికే తిరిగొస్తుంది, పాఠాల్లోని సంపూర్ణాంతర పరావర్తనం. అవతల నీటి చుక్క ఉంటే ఆ హద్దు 62 డిగ్రీల దాకా జరుగుతుంది, కాబట్టి 45 డిగ్రీల వెలుగు చుక్కలోంచి బయటికి జారిపోతుంది. తిరిగొచ్చే వెలుగు తగ్గిందంటే వాన అన్నమాట. కారు వానని చూడటం లేదు, తన వెలుగు ఎంత పోగొట్టుకుందో లెక్కపెట్టుకుంటోంది.

మరి మీ బాధ ఎక్కడుందంటే, సెన్సర్‌కీ గాజుకీ మధ్య మెత్తటి జెల్ బిళ్ల ఒకటి ఉంటుంది. అద్దం మార్చేటప్పుడు పాత బిళ్లనే మళ్లీ అంటిస్తే మధ్యలో గాలి బుడగలు చిక్కుకుంటాయి, వెలుగు అక్కడే దారి తప్పుతుంది, కారు వాన అనుకుంటుంది. నా కారులో మినపగింజంత బుడగ ఒకటి, దాని పక్కన ఆవగింజంతవి రెండు కనిపించాయి. కొత్త బిళ్ల వేసి, బుడగ లేకుండా నొక్కితే ఆ రోజుతో పీడ వదిలింది. కారు కడిగించేటప్పుడు మాత్రం ఆటో వైపర్ ఆఫ్ చేసి పెట్టుకోండి.

ప్రశ్న: నేను ఇంజనీరింగ్ మూడో ఏడు. అద్దం మీద మంచు పట్టకుండా ఒక సర్క్యూట్ చేశాను. అందులో ఉన్నవన్నీ దుకాణంలో దొరికే మామూలు భాగాలే. దీనికి పేటెంట్ వస్తుందా, లేక నవ్వుతారా?

జవాబు: నవ్వితే నవ్వనివ్వు బాబూ, రాబర్ట్ కెర్న్స్‌ని చూసి కూడా నవ్వారు. పెళ్లినాటి రాత్రి షాంపేన్ సీసా బిరడా ఎగిరి తగిలి ఆయనకి ఒక కన్ను దెబ్బతింది. కొన్నేళ్ల తర్వాత సన్న జల్లులో కారు నడుపుతూ, కనురెప్పలాగా ఒకసారి కొట్టి ఆగి మళ్లీ కొట్టే వైపర్ ఎందుకు ఉండకూడదని ఆలోచించాడు. అప్పటి వైపర్లకి ఆగి ఆగి తుడవడం సరిగా వచ్చేది కాదు. ఆయన చేసింది ఏమిటి? ఒక కెపాసిటర్, ఒక రెసిస్టర్, ఒక ట్రాన్సిస్టర్. రెసిస్టర్ గుండా కెపాసిటర్ మెల్లగా నిండుతుంది, ఒక స్థాయికి రాగానే ట్రాన్సిస్టర్ తలుపు తీస్తుంది, వైపర్ ఒకసారి తుడిచి వస్తుంది, కెపాసిటర్ ఖాళీ అవుతుంది, మళ్లీ మొదలు. రెసిస్టర్ విలువ మారిస్తే విరామం మారుతుంది. 1964లో దరఖాస్తు పెట్టాడు, 1967లో పేటెంట్ వచ్చింది. ఫోర్డ్‌కి చూపించాడు, వాళ్లు 1969లో అలాంటి వైపర్లు తెచ్చారు, ఈయనకి మాత్రం ఏమీ దక్కలేదు. కోర్టుకెళ్లాడు. అవతలివాళ్ల వాదన అచ్చం నీ అనుమానమే: అన్నీ మామూలు భాగాలే, ఇందులో కొత్తేముంది? ఆ వాదన నిలబడలేదు. ఫోర్డ్ 1990లో కోటి డాలర్లకి పైగా ఇచ్చి రాజీ చేసుకుంది, క్రిస్లర్ కేసులో దాదాపు 3 కోట్ల డాలర్లు వచ్చాయి. ఈలోగా ఆయన వయసూ, సంసారమూ కోర్టుల్లోనే కరిగిపోయాయి, అది కూడా చెప్పకుండా దాస్తే తప్పు.

కాబట్టి భాగాలు మామూలువా కావా అన్నది పట్టించుకోకు. ఆ కలయిక ఇంతకుముందు ఎవరైనా చేశారా, ఆ పనిలో ఉన్నవాడికి ఇట్టే తట్టేదేనా, ఈ రెండే చూసుకో. పాత పేటెంట్లన్నీ ఆన్‌లైన్‌లో ఉచితంగానే చదవొచ్చు, ఒక వారం కూర్చుని వెతుకు. మంచు విషయంలో చాలా ఉంటాయి, అద్దం వెనక వేడెక్కే పొర అంటించడం ఎప్పటి నుంచో ఉన్నదే, నీది దానికంటే ఏ రకంగా వేరో ఒక్క వాక్యంలో రాయలేకపోతే ఇంకా సమయం రాలేదని అర్థం. ముఖ్యమైన మాట: దరఖాస్తు పెట్టకముందే కాలేజీ ఫెస్టులో చూపించడం, వీడియో తీసి పెట్టడం చేయకు. చాలా దేశాల్లో నువ్వు బయటపెట్టిన నీ ఆలోచనే నీ పేటెంట్‌కి అడ్డం తిరుగుతుంది. టైమింగ్ కూడా అదృష్టమే. మేరీ ఆండర్సన్ 1903లో చేత్తో తిప్పే వైపర్‌కి పేటెంట్ తీసుకుంది, కార్లలో వైపర్లు మామూలయ్యేసరికి ఆమె పేటెంట్ గడువు అయిపోయింది.

ప్రశ్న: ఇండికేటర్‌కి ఎల్‌ఈడీ బల్బు వేయించాను. ఇప్పుడు టిక్‌టిక్ అనేది టకటకా కొట్టుకుంటోంది. టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ వద్దు. పాత బల్బు 21 వాట్లది, దాదాపు 1.75 ఆంపియర్లు లాగేది. ఎల్‌ఈడీ అందులో కొసరంత లాగుతుంది. కరెంటు తగ్గేసరికి బల్బు మాడిపోయిందనుకుని ఫ్లాషర్, అంటే ఇండికేటర్‌ని వెలిగించి ఆర్పే రిలే, మిమ్మల్ని హెచ్చరిస్తోంది. ఎల్‌ఈడీకి సరిపోయే ఫ్లాషర్ రిలే వేయించండి. రెసిస్టర్ కడతామంటారు, అది చేతులు కాలేంత వేడెక్కుతుంది, ప్లాస్టిక్ పక్కన పెట్టడం నాకిష్టం లేదు.

ప్రశ్న: కిటికీ స్విచ్చుకీ, అద్దం మోటారుకీ వేరే వైర్లు లేకుండా రెండే వైర్ల మీద కారంతా మాట్లాడుకుంటుందట. ఒకేసారి ఇద్దరు మాట్లాడితే గోల కాదా?

జవాబు: మీరు చెప్పిన ఆ రెండు వైర్ల ఏర్పాటు పేరు క్యాన్ బస్, గోల కాకుండా చూడటమే దాని గొప్పతనం. బాష్ కంపెనీ 1986లో దీన్ని బయటపెట్టింది, 1991 మెర్సిడెస్ ఎస్ క్లాస్‌లో మొదట కనిపించింది. ప్రతి సందేశానికీ ముందు సున్నాలు, ఒకట్లతో రాసిన ఒక నంబరు ఉంటుంది. ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే నంబర్లను అంకె తర్వాత అంకెగా పంపుతూ లైను మీద ఏం వినిపిస్తోందో కూడా వింటుంటారు. సున్నా ఎప్పుడూ ఒకటిని మింగేస్తుంది, అంటే చిన్న నంబరు గెలుస్తుంది, తను ఒకటి అంటే సున్నా వినిపించినవాడు నోరు మూసుకుని తర్వాత ప్రయత్నిస్తాడు. గెలిచినవాడి మాట మధ్యలో తెగదు, మళ్లీ మొదలుపెట్టక్కర్లేదు. బ్రేకుల సందేశానికి చిన్న నంబరు ఇస్తారు, అద్దం మోటారుకి పెద్దది. మన చర్చా కార్యక్రమాల్లో కూడా ఇలాంటిది ఒకటి ఉంటే బాగుండు.

ప్రశ్న: అద్దాలు తీసేసి కెమెరాలు పెట్టిన కార్లు వస్తున్నాయి కదా. అద్దానికి ఇక కాలం చెల్లినట్టేనా?

జవాబు: 1911లో ఇండియానాపొలిస్ 500 రేసులో రే హారున్ తన బండికి అద్దం పెట్టుకున్నాడు, పక్కన కూర్చుని వెనక్కి చూసి చెప్పే మనిషి బరువు తప్పించుకోవడానికి. ఇప్పుడు అద్దాన్ని తప్పించే వంతు వచ్చింది. జపాన్ 2016లో కెమెరాలకి ఒప్పుకుంది, 2018లో లెక్సస్ ఈఎస్ అక్కడ అలా రోడ్డెక్కింది. గాలికి అడ్డు తగ్గుతుంది, వానలో, చీకట్లో కెమెరా బాగానే చూస్తుంది. ఇవి నిజమైన లాభాలే.

కానీ నేను ఇంకా అద్దం పక్షమే, దానికి నా కళ్లే కారణం. సమతల దర్పణంలో వెనక 50 మీటర్ల దూరంలో ఉన్న లారీ నా కంటికి 50 మీటర్ల దూరంలోనే ఉంటుంది, రోడ్డు మీద ఉన్న చూపు దాని మీదకి మళ్లించడానికి కంటి కటకం కష్టపడక్కర్లేదు. స్క్రీన్ మీది లారీ మూరెడు దూరంలో ఉంటుంది. నలభై అయిదు దాటినవాళ్లకి, చత్వారం వచ్చినవాళ్లకి ఈ తేడా ప్రతి చూపులోనూ తెలుస్తుంది. రెండోది, వెనక బండి ఎల్‌ఈడీ లైట్లు మన కంటికి తెలియనంత వేగంగా వెలిగి ఆరుతుంటాయి, కెమెరా వాటిని పట్టుకుని మిణుకుమిణుకుమంటూ చూపిస్తుంది, ఇండికేటర్ వేశాడేమో అనిపిస్తుంది. మూడోది చెప్పడం కంటే చేసి చూస్తే తెలుస్తుంది: సైడ్ మిర్రర్లో పక్క బండి కనిపించనప్పుడు తల జానెడు ముందుకు వంచండి, ఇందాక లేని జాగా అద్దంలోకి వస్తుంది, దాక్కున్న స్కూటరు బయటపడుతుంది. అదే పని స్క్రీన్ ముందు చేస్తే అదే బొమ్మ కాస్త పెద్దగా కనిపిస్తుంది.